సమవాకారమా, సమవకారమా?

వరంగల్ నుంచి: కాలేజీ పత్రికకు మొదటి ప్రపంచ యుద్ధం మీద వ్యాసం రాస్తున్నాను. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్లు వేల సిలిండర్ల క్లోరిన్ విషవాయువు వదిలిన సాయంత్రం దగ్గరికొచ్చేసరికి శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’ గేయంలోని ‘బీభత్సరస ప్రధానం, పిశాచగణ సమ...’ నోటికొస్తోంది. ఆపైన సమవాయమా, సమవాకారమా?

బాపట్ల నుంచి: సమవాయం (గుంపు) కానే కాదు, సంస్కృతంలోని పది రకాల నాటకాల్లో, అంటే దశరూపకాల్లో, ఒకటి అది. అయితే నాట్యశాస్త్రం రాసిన భరతుడి మాట సమవకారం, ‘వ’ హ్రస్వం. దీర్ఘం తెలుగు పుస్తకాల్లో ఎలాగో పాకింది.

డల్లాస్ నుంచి: మాస్టారూ, శ్రీశ్రీ చెవి తెలిసే దీర్ఘం పెట్టింది. ‘రణరక్త ప్రవాహసిక్తం’ 14 మాత్రలు, ‘పిశాచగణ సమవాకారం’ 14. హ్రస్వం చేస్తే 13కి పడిపోతుంది.

బాపట్ల నుంచి: మరి మధ్యలో ‘బీభత్సరస ప్రధానం’ లెక్కపెట్టారా? ‘ప్ర’ ముందు ‘స’ని గురువు చేసినా 13 దాటదు.

విజయవాడ నుంచి: అక్షరం పట్టుకుని రసం వదిలేశారు. సమవకారంలో పాత్రలు దేవదానవులు, ప్రధానరసం వీరం. ఈయన పాత్రలుగా పిశాచాల్ని తెచ్చి, వీరాన్ని దింపేసి బీభత్సాన్ని కూర్చోబెట్టాడు. కందకాల యుద్ధంలో జరిగిందీ అదే. 1916 జూలై 1న ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర ఒక్కరోజులో 19,240 మంది బ్రిటిష్ సైనికులు పోయారు. మెషిన్‌గన్‌కి ఎదురు నడిచినవాడికి శత్రువు మొహమైనా కనపడలేదు. అక్కడ భీముడున్నా ఏం చేస్తాడు?

హైదరాబాద్ నుంచి: అక్కా, విద్రవాల్ని మరిచారు! సమవకారంలో జనం బెదిరి పారిపోయే ఘట్టాలు ఉండాలి. వాటికి భరతుడు చెప్పిన కారణాల్లో గాలి, నిప్పు, మదపుటేనుగు, పురముట్టడి ఉన్నాయి. గాలి అంటే క్లోరిన్, మామూలు గాలికి దాదాపు రెండున్నర రెట్లు బరువు, అందుకే నేరుగా కందకంలోకి దిగుతుంది. నిప్పు 1915 జూలై 30న హూజ్ దగ్గర, మంటలు చిమ్మే గొట్టాలతో. ఏనుగు 1916 సెప్టెంబరు 15న ఫ్లెర్ దగ్గర, మొదటిసారి కదిలిన ట్యాంకులు. ముట్టడి సంగతి చెప్పాలా? ఉత్తర సముద్రం నుంచి స్విస్ సరిహద్దు దాకా కందకాలే.

బాపట్ల నుంచి: బాగా లాగారు. ఆ గేయం మొత్తం నరజాతి చరిత్ర గురించి. ఒక్క యుద్ధానికి కట్టేస్తే చిన్నదైపోతుంది.

హైదరాబాద్ నుంచి: కట్టేయడం లేదు మాస్టారూ. సమవకారానికి పాత ఉదాహరణ అమృతమథనం. ఆ కథలో హాలాహలం పుడితే మింగడానికి శివుడున్నాడు. ఈప్ర్‌కి నాలుగు రోజుల్లో మన లాహోర్ డివిజన్ సిపాయిలు వచ్చారు. వాళ్ల చేతిలో తడిగుడ్డ తప్ప ఏముంది?

డల్లాస్ నుంచి: గాలి మాటకొస్తే, 1915 సెప్టెంబరు 25న లూస్ దగ్గర బ్రిటిష్ వాళ్లు వదిలిన వాయువు కొన్నిచోట్ల వాళ్ల కందకాల్లోకే తిరిగొచ్చింది. అదే గేయంలో ‘పరస్పరాహరణోద్యోగం’ (ఒకరిదొకరు లాక్కునే పని) కూడా ఉంది, చూడండి.

వరంగల్ నుంచి: ఇంతకీ దీర్ఘమా, హ్రస్వమా? రేపు పేజీ ప్రెస్సుకెళ్లాలి.

బాపట్ల నుంచి: హ్రస్వం.

డల్లాస్ నుంచి: కవి పాఠాన్ని దిద్దే హక్కు మనకి లేదు. దీర్ఘం.

విజయవాడ నుంచి: ఆ ‘బీ’కి మాత్రం ఒత్తు పెట్టకమ్మా. భీభత్సం అని ఎక్కడ చూసినా అదే రాస్తున్నారు.

డల్లాస్ నుంచి: దాని మీదా నాకో మాటుంది...