మాంగల్యం తంతునానేన: ఆ సున్న ఉన్నట్టా, లేనట్టా?

నకిరేకల్ అయ్యగారు
ముప్పై ఏండ్ల సంది లగ్గాలు చేయిస్తున్న. పుస్తె కట్టేటప్పుడు చదివే శ్లోకం మీకెరికే: "మాంగల్యం తంతునానేన మమ జీవన హేతునా, కంఠే బధ్నామి సుభగే త్వం జీవ శరదాం శతం". మొన్న మాఘమాసంల ఒక లగ్గంల పుస్తె కట్టుడు అయినంక పెండ్లిపిల్ల మెల్లగ అడిగింది: "అయ్యగారూ, మీరు మాంగల్యం అన్నరా, మాంగల్య అన్నరా?" ఇంటర్ల మార్కుల కోసం సంస్కృతం తీసుకున్నదట. గట్టిమేళంల నేనేమన్ననో నాకే వినపడలే. ఇంటికొచ్చి కూసున్నంక మా తాత గొంతు యాదికొస్తున్నది కని, సరిగ్గ ఆ సున్న కాడ్నే తెగిపోతున్నది. ఆయన "మాంగల్యతంతునానేన" అని ఒక్క గుక్కల అంటుండెనేమో అని అనుమానం. నా చేతుల ఉన్న అచ్చు పుస్తకంల సున్న ఉన్నది. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

మిర్యాలగూడ సార్
సున్న ఉండాల్సిందే, అనుమానం అక్కర్లేదు. "కంఠే బధ్నామి", మెడలో కడుతున్నాను అన్నాడు. ఏం కడుతున్నాడు? మాంగల్యాన్ని. దేనితో? "తంతునా అనేన", ఈ దారంతో. సున్న తీసి సమాసం చేశారనుకోండి, "ఈ మంగళకరమైన దారంతో కడుతున్నాను" అని మిగులుతుంది. వాక్యంలో కర్మ, అంటే కట్టే వస్తువు, పోయింది. ఇక కట్టడానికి ఎదురుగా మిగిలింది పిల్లే.

పాలమూరు పోరడు
సార్, మా బళ్లె అందరం "తంతా నేనే" అని చదివెటోళ్లం. ఆ లెక్కన పిల్లను కట్టేసుడే కాదు, తన్నుడు కూడ ఉన్నది.

మిర్యాలగూడ సార్
ఆ జోకు మా తాతల కాలం నాటిది తమ్ముడూ.

దేవరకొండ గుట్ట
మన పలుకుబడి కూడ సున్న దిక్కే ఉన్నది. మనం పుస్తెలతాడు అంటం. పుస్తెలు వేరు, తాడు వేరు. మాంగల్యం అంటే పుస్తె, తంతువు అంటే పసుపుతాడు. శ్లోకం రాసినాయన మన నల్లగొండ దిక్కు లగ్గం చూసే రాసిండనిపిస్తది.

కందగడ్డ
దేవరకొండ అన్నా, మీ వాదంతోనే ఒక చిక్కు. మన దగ్గర పుస్తెలు రెండు. ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. రెండైతే సంస్కృతంలో ద్వివచనం పడాలి కదా? "మాంగల్యే తంతునానేన" అనాలి. గణాలు కూడా చెడవు, లెక్కపెట్టుకోండి.

మిర్యాలగూడ సార్
నల్లపూసలు, పగడాలు కూడా కలిపి "మాంగల్యాని" అని బహువచనం చేద్దామా? మాంగల్యం జాత్యేకవచనం, ఎన్ని ఉన్నా ఆ జాతి మొత్తానికి ఒకటే మాట. ఛందస్సు సంగతి మీరే ఎత్తారు కాబట్టి అదీ చూద్దాం. "మాంగల్యం" అన్నా "మాంగల్య" అన్నా తేడా మూడో అక్షరంలోనే. మొదటి రెండూ గురువులే, మూడోది గురువైనా లఘువైనా ఈ శ్లోకం ఛందస్సు అనుష్టుప్పుకు అభ్యంతరం లేదు. ఛందస్సు మనకు తీర్పు చెప్పదు. నిజానికి అక్కడ పట్టించుకోవాల్సింది మూడో పాదం. "కంఠే బధ్నామి సుభగే"లో అయిదు, ఆరు, ఏడు అక్షరాలు మూడూ లఘువులే. మామూలు నడకకు భిన్నమైనా చెల్లే ఈ రకాన్ని న-విపుల అంటారు. ఎవరూ చూడరు.

కందగడ్డ
మేమూ చూశాం సార్. మీరు చెప్తారని ఊరుకున్నాం.

జడ్చర్ల జంక్షన్
అసలు "మమ జీవన హేతునా"లో ఆ "మమ" ఎవరిది? చదివేది అయ్యగారు, కట్టేది పెండ్లికొడుకు. ఎవరి జీవనం?

నకిరేకల్ అయ్యగారు
పెండ్లికొడుకు చదవాలె. ఎవడు చదువుతడు? ఫోటో ఆయన "ఇటు చూడు, ఇటు చూడు" అని ఒర్రుతుంటే వాని కండ్లు కెమెరా మీద, చేతులు ముడి మీద. మనమే చదివి "మమ" అనిపిస్తం. ఆ మాటకు చెడ్డపేరు వచ్చింది మా కులవృత్తి పుణ్యమే. దేవుని కల్యాణాలల్ల "లోకరక్షణ హేతునా" అని మార్చి చదువుతరు, అక్కడ ఈ బాధ లేదు.

ఏకశిల
అయ్యగారూ, మీరు అసలు సంగతి దాటేస్తున్నారు. "మమ జీవన హేతునా" అంటే నేను బతికి ఉండడానికి కారణమైన దారం. అంటే పెండ్లికొడుకు తన ప్రాణం తీసుకుపోయి ఆమె మెడలో కడుతున్నాడు. దీనికి పోతన చేసినంత గొప్ప వ్యాఖ్యానం ఏ భాష్యకారుడూ చేయలేదు:

మ్రింగెడివాఁడు విభుం డని
మ్రింగెడిదియు గరళ మనియు మే లని ప్రజకున్
మ్రింగు మనె సర్వమంగళ
మంగళసూత్రంబు నెంత మది నమ్మినదో!

మొగుడు విషం మింగబోతుంటే పార్వతి "మింగు" అన్నది. ఎవరిని నమ్మి? మొగుణ్ణి కాదు, మెడలో దారాన్ని.

మిర్యాలగూడ సార్
పద్యం వచ్చిందంటే ఇక సున్న సంగతి పోయినట్టే. అయినా ఒక్కమాట. సంస్కృత భాగవతం ఎనిమిదో స్కంధం ఏడో అధ్యాయంలో ఆ చోట మంగళసూత్రం లేదు. "ప్రభావజ్ఞాన్వమోదత" అని ఉంది. ఆయన ప్రభావం తెలిసినది కాబట్టి సరేనన్నదట. అక్కడ నమ్మకం శివుడి శక్తి మీద. పోతన దాన్ని తీసుకొచ్చి అమ్మవారి మెడలో వేశాడు.

ఏకశిల
అదే కదా నేనన్నది.

మిర్యాలగూడ సార్
మీరు పద్యం చెప్పారు. మూలంలో లేదని నేను చెప్పాను. రెండూ ఒకటి కావు.

తంగేడుపువ్వు
ఆడవాళ్లెవరూ మాట్లాడట్లేదని వచ్చాను. ఆ పద్యాన్ని మా అమ్మమ్మ ఇంకోలా చదివేది. "నెంత మది నమ్మినదో" మెచ్చుకోలు కాదట. "ఈమె ఎంత గుడ్డిగ నమ్మిందమ్మా!" అని పోతన ముక్కు మీద వేలేసుకున్నాడట. మంగళసూత్రం నమ్మి మొగుడికి విషం ఇచ్చే ధైర్యం మామూలు ఆడదానికి రాదు, అందుకే ఆశ్చర్యార్థకం అనేది. అమ్మమ్మ పుస్తెలు బ్యాంకు లాకర్లో ఉండేవి, ఆమె మెడలో పసుపుకొమ్ము ఉండేది.

ఏకశిల
అమ్మమ్మగారికి నమస్కారం, కాని అది పోతన స్వరం కాదు. బమ్మెర మాకు పక్క ఊరే. ఆ గాలి పీల్చినవాళ్లం.

దేవరకొండ గుట్ట
పక్క ఊరోళ్లకే అర్థమైతదంటే యాదగిరిగుట్ట దిక్కోళ్లకు నరసింహస్వామి పద్యాలు తప్ప వేరేవి అర్థం కావొద్దు మరి.

కందగడ్డ
ఇంతకీ "తంతు" సంగతి ఎవరూ అడగరేం? సంస్కృతంలో దారం, సంతానం. తైత్తిరీయ ఉపనిషత్తులో "ప్రజాతంతుం మా వ్యవచ్ఛేత్సీః", వంశం అనే దారాన్ని తెంపకు అని. తెలుగులోకొచ్చేసరికి "లగ్గం తంతు", "ఉత్త తంతు". దారం కాస్తా కార్యక్రమం అయింది. నా లెక్క ఏమిటంటే, జనం ఈ శ్లోకంలో ఒక్క "తంతు" మాటే పట్టుకొని పెండ్లి మొత్తానికి ఆ పేరు పెట్టుకున్నారు.

మిర్యాలగూడ సార్
ఊహ బాగుంది. "తంత్రం" నుంచి వచ్చిందనడం ఇంకా తేలిక.

కందగడ్డ
తేలికైనవన్నీ నిజం కావు సార్.

జడ్చర్ల జంక్షన్
పెండ్లి పద్ధతులు చెప్పే పాత గ్రంథం ఆపస్తంబ గృహ్యసూత్రంల పుస్తె కట్టుడే లేదట కదా? పాణిగ్రహణం, సప్తపది, అరుంధతి ఉన్నయి. సీతమ్మ లగ్గంల జనకుడు కూడ "పాణిం గృహ్ణీష్వ పాణినా" అన్నడు, చెయ్యితోటి చెయ్యి పట్టుమని. దారం ముచ్చట లేదు. మనకు ముహూర్తం టైముకు పడాల్సింది కూడ జీలకర్ర బెల్లమే, పుస్తె తర్వాత. మరి వేదంల లేని శ్లోకంల సున్న కోసం ఇంత కొట్లాటెందుకు?

నకిరేకల్ అయ్యగారు
వేదంల ఉన్నవాటికి స్వరం ఉంటది, తప్పు చదివితే గురువు తొడ మీద గిచ్చుతడు. దీనికి కాపలా ఎవరూ లేరు. నోటిలనే బతుకుతున్నది. అందుకే అడిగిన. అందరూ వినేది, యాదుంచుకునేది ఈ ఒక్క శ్లోకమే. మిగతా మూడు గంటలు నేను ఏం చదివినా భోజనాల కాడికి పోతరు.

పాలమూరు పోరడు
అయ్యగారూ, చివరిది "త్వం జీవ శరదాం శతం"నా, "సంజీవ శరదశ్శతం"నా? మా దిక్కు రెండూ విన్న.

మిర్యాలగూడ సార్
రెండూ సరే. "శరదాం శతం" షష్ఠీ విభక్తి, నూరు శరత్తులు. "శరదశ్శతం" వేదంలో ఉన్న పద్ధతి. దీనికి వేరే చర్చ పెట్టండి.

తంగేడుపువ్వు
పెట్టకండి. అందులోనూ పోతన వస్తాడు.

ఏకశిల
వస్తే మంచిదే. రుక్మిణీ కల్యాణంలో ఆయన పద్యం "ధ్రువకీర్తిన్ హరి పెండ్లియాడె" ఇంకా ఎవరూ ఎత్తలేదు.

నకిరేకల్ అయ్యగారు
ఎత్తకు సామీ. నిన్న మా తాత పాత సంచి తీసిన. చేతిరాత నోటుబుక్కు ఒకటి దొరికింది. మొదటి పాదం కాడ చమురు మరక, సున్న ఉండాల్సిన చోటనే. వెలుతురుకు పట్టి చూసిన. చుక్కలెక్క ఉన్నది, సిరా చుక్కనో సున్ననో తెలుస్తలేదు.

మిర్యాలగూడ సార్
ఫోటో పెట్టండి.

కందగడ్డ
పక్కన ఏత్వం లాంటిది ఏమైనా కనిపిస్తుందా? "మాంగల్యే" కావచ్చు.

నకిరేకల్ అయ్యగారు
ఫోటో రేపు పెడత. తెల్లారగట్ల నాలుగున్నరకు చిట్యాల కాడ లగ్గం ఉన్నది. బ్యాండోళ్లకు ముందే చెప్పి పెట్టిన, ఆ పాదం అయ్యేదాంక డోలు ముట్టొద్దని.

దేవరకొండ గుట్ట
ఇన్నరా మరి?

నకిరేకల్ అయ్యగారు
"అట్లనే అయ్యగారూ" అన్నరు. ఎప్పుడూ అదే అంటరు.