సోలార్ ఇంత చౌకైతే బొగ్గు యూనిట్లను పగలు ఆపేసి రాత్రి నడపొచ్చు కదా?

గాలిమర:
2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలోనే సోలార్ యూనిట్ ధర 2.44 రూపాయలకు దిగింది. ఇటు చూస్తే దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ అంటూ 800 మెగావాట్లవి ఐదు పెట్టారు. పొద్దున తొమ్మిదింటికి బొగ్గు యూనిట్లను ఆపేసి, పగలంతా ఎండ కరెంటు వాడుకుని, సాయంత్రం ఐదింటికి మళ్లీ వెలిగిస్తే సరిపోదా? ఎక్కడ తేడా కొడుతుందో ప్లాంటు లెక్కలతో చెప్పండి. ఉపన్యాసాలు వద్దు.

బాయిలర్‌గట్టు:
రోజూ ఆపి వెలిగించొచ్చు, కానీ యూనిట్ ఆయుష్షు కరిగిపోతుంది. అందుకే ఆపరు, లోడ్ దించుతారు, అంటే ఆపకుండానే ఉత్పత్తి తగ్గిస్తారు.

500 మెగావాట్ల సబ్‌క్రిటికల్ యూనిట్‌నే (ఆవిరి ఒత్తిడి తక్కువుండే పాత రకం) తీసుకోండి. ఫుల్ లోడ్‌లో గంటకు సుమారు 325 టన్నుల బొగ్గు తింటుంది, బొగ్గును పొడి చేసి బాయిలర్‌లోకి పంపే మిల్లులు ఆరేడు తిరుగుతాయి. సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) 2023 నిబంధనల ప్రకారం ముందు ఫుల్ లోడ్‌లో 55 శాతానికి, తర్వాత దశలవారీగా 40 శాతానికి దిగగలగాలి. 55 అంటే 275 మెగావాట్లు, నాలుగు మిల్లులు, పెద్ద ఇబ్బంది లేదు. 40 అంటే 200 మెగావాట్లు, మూడే మిల్లులు. తంటా అంతా ఇక్కడే.

మూడు మిల్లుల మీద నడుస్తుండగా వానాకాలం తడి బొగ్గు ఒక మిల్లుకు బొగ్గు అందించే ఫీడర్ పైన గొట్టంలో (చ్యూట్) పట్టేసిందనుకోండి. మూడోవంతు మంట ఒక్కసారిగా పోతుంది. మిగతా మంట ఊగుతుంది, మంటను కనిపెట్టే స్కానర్లకు కనపడదు, మంట ఆరిందన్న లెక్కన (ఫ్లేమ్ ఫెయిల్యూర్) బాయిలర్ దానంతటదే ఆగిపోతుంది (ట్రిప్). దీన్ని తప్పించడానికి ఆయిల్ చిమ్మి మంటను నిలబెట్టే గన్లు వేస్తే సోలార్‌తో మిగిలిన డబ్బు ఆయిల్‌కే పోతుంది. కాబట్టి బాయిలర్‌లో పక్కపక్క ఎత్తుల్లో (ఎలివేషన్లు) మంట ఇచ్చే మిల్లులనే ఉంచాలి. మధ్యలో ఒకటి వదిలేస్తే ఒక మంటకు ఇంకో మంట ఆసరా ఉండదు. ఆ మూడు మిల్లుల పైనుండే బొగ్గు తొట్లలోకి (బంకర్లు) ముందే పొడి బొగ్గు చేర్చి పెట్టుకోవాలి. నాలుగింటిని సగం సగం నడపడం కన్నా మూడింటిని నిండుగా నడపడం మేలు, ఎందుకంటే బొగ్గు పొడిని మోసుకెళ్లే గాలిని (ప్రైమరీ ఎయిర్) ఒక హద్దు దాటి తగ్గించలేం. తగ్గిస్తే పైపుల్లో బొగ్గు పొడి పేరుకుని నిప్పంటుకుంటుంది. గాలి అలాగే ఉంచి బొగ్గు తగ్గిస్తే మిశ్రమం పల్చబడి మంట నిలవదు.

ఇక సాయంత్రం ఎక్కడం. 40 నుంచి 55 దాకా నిమిషానికి 1 శాతం, 55–70 మధ్య 2, ఆపైన 3 శాతం ఎక్కగలగాలన్నది నిబంధన. అంటే 200 నుంచి 500కి చేరడానికి అరగంట పైచిలుకు. అదే పూర్తిగా ఆపేస్తే వేడి మీద ఉన్న యూనిట్ లేవడానికే మూడు గంటలదాకా పడుతుంది, పూర్తిగా చల్లారితే పది పన్నెండు గంటలు, మొదట్లో మంటంతా ఆయిల్ మీదే. మీరు చెప్పినట్టు రోజుకో స్టార్టప్ అంటే ఆవిరి చేరే డ్రమ్ము, హెడర్ల (ట్యూబులన్నీ కలిసే పెద్ద గొట్టాలు) మందపాటి గోడలు రోజూ ఒకసారి వ్యాకోచించి కుంచించుకోవాలి. ఆ అలసట ముందుగా ఆవిరిని ఇంకా వేడెక్కించే సూపర్‌హీటర్, రీహీటర్ ట్యూబుల వెల్డింగుల దగ్గర లీకుల రూపంలో బయటపడుతుంది.

లోడ్ దించినా ఖర్చు లేకపోలేదు. పొగ చల్లబడి, అందులోని యాసిడ్ ద్రవంగా మారే వేడి (యాసిడ్ డ్యూ పాయింట్) కిందికి వెళ్తే, పొగ వేడితో గాలిని కాచే ఎయిర్ ప్రీహీటర్ చల్లని వైపు రేకుల బాస్కెట్లు తుప్పు పడతాయి. ఆవిరి గొట్టాలు (స్టీమ్ కాయిల్) వేసి లోపలికొచ్చే గాలిని ముందే వేడి చేసుకోవాలి. ఎల్‌పీ (తక్కువ ఒత్తిడి) టర్బైన్ చివరి వరస బ్లేడ్లు ఆవిరి చాలక వేడెక్కుతాయి, చల్లబరచడానికి నీళ్లు చిమ్మాలి (హుడ్ స్ప్రే), అది ఎక్కువైతే బ్లేడ్ల అంచులు అరుగుతాయి. 55–65 శాతం మధ్య నడిస్తే హీట్ రేట్ (యూనిట్ కరెంటుకు పట్టే వేడి) సబ్‌క్రిటికల్‌కి 6 శాతం, ఒత్తిడి ఎక్కువుండే కొత్త రకం సూపర్‌క్రిటికల్‌కి 3 శాతం పెరిగినట్టు లెక్కగట్టి 2016 గ్రిడ్ కోడ్ సవరణలోనే పరిహారం పెట్టారు. కొత్త యూనిట్‌ని ఫుల్ లోడ్ ఎఫిషియెన్సీ చూసి మెచ్చుకోవడం ఇక దండగ. ఆయిల్ లేకుండా ఎంత కిందికి దిగుతుందన్నదే అడగాల్సిన ప్రశ్న.

తోకచెరువు:
పైవారు చెప్పింది బొగ్గు వైపు నుంచి. పగటి సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి, రాత్రి కిందికి వదిలి కరెంటు తీసే నిల్వ వైపు నుంచి ఒక లెక్క. ఒక టీఎంసీ నీటిని 100 మీటర్ల ఎత్తు నుంచి టర్బైన్‌లోకి వదిలితే సుమారు 70 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. 500 మెగావాట్ల యూనిట్ ఫుల్ లోడ్‌లో 14 గంటలు నడిచినంత. ఆ నీటిని తిరిగి పైకి తోడాలంటే దాదాపు 90 లక్షల యూనిట్లు కావాలి, అంటే 2,000 మెగావాట్ల సోలార్ ఒక రోజంతా ఇచ్చేది.

శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్లవి ఆరు ఉన్నాయి, అన్నీ రివర్సిబులే, అంటే కరెంటు తీయనూ వచ్చు, వెనక్కి తిప్పి నీళ్లు పైకి తోడనూ వచ్చు. కానీ సాగునీటి జలాశయం కదా, ఎప్పుడు వదలాలి, ఎప్పుడు తోడాలి అన్నది కరెంటు అవసరాన్ని బట్టి తేలదు. పైగా రెండు రాష్ట్రాల నీళ్ల పంచాయితీ. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది వేరే రకం. పైనొకటి, కిందొకటి సొంత చెరువులు, నదికి అడ్డుకట్ట లేదు. ఒకసారి నింపుకున్నాక ఆవిరై పోయినంత నీరు పోసుకుంటే చాలు. ఇక మీదట ఇలాంటివే పనికొస్తాయి.

బ్యాటరీలు సాయంత్రం రెండు నాలుగు గంటల పీక్‌కి బాగుంటాయి. వారం రోజులు ముసురు పడితే వాటితో పనవ్వదు.

కొండపల్లి_ఖాళీ:
గ్యాస్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఓపెన్ సైకిల్ (ఆవిరి టర్బైన్ జతలేని) గ్యాస్ టర్బైన్ అరగంటలో లేస్తుంది, సాయంత్రం పీక్‌కి దీన్ని మించింది లేదు. వేమగిరి, జేగురుపాడు, కొండపల్లిలో గ్యాస్ యంత్రాలున్నాయి, చాలినంత గ్యాసే లేదు. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని కేజీ–డీ6 క్షేత్రంలో గ్యాస్ ఉత్పత్తి పడిపోయి 2013 నాటికే విద్యుత్ ప్లాంట్లకు ఆ సరఫరా ఆగిపోయింది. దిగుమతి ఎల్‌ఎన్‌జీ (ద్రవరూప సహజవాయువు) తెచ్చి కాలిస్తే ఆ కరెంటు కొనేవాడుండడు.

గాలిమర:
అందరికీ థ్యాంక్స్ అండి. ఇంకొక్కటి: నిల్వ చేసే బదులు బోర్లన్నీ పగటికే మార్చేస్తే?

తోకచెరువు:
అన్నిటికన్నా చౌకైన దారి అదే. 5 హెచ్‌పీ బోర్లు లక్ష కలిస్తే 400 మెగావాట్ల పైచిలుకు లోడ్, అదంతా ఎండ ఉన్నప్పుడే వాడుకోవచ్చు. ముందు వ్యవసాయ ఫీడర్లు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైన్లు) ఊరి ఫీడర్ల నుంచి విడిగా ఉండాలి. తర్వాత ఆటో స్టార్టర్ల గొడవ. సరఫరా రాగానే మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఒక్కోటి మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోయి ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజులు ఎగిరిపోతాయి. సబ్‌స్టేషన్‌లో ఫీడర్లను పావుగంట తేడాతో వదలాలి. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింది స్టార్టర్లకు టైమర్ ఒకదానికి అర నిమిషం, పక్కదానికి నిమిషం, ఇలా వేర్వేరుగా పెట్టాలి. 5 హెచ్‌పీ మోటారుకి, లైన్ మీద భారం తగ్గించే 2 కేవీఏఆర్ కెపాసిటర్ తప్పనిసరి. బిగించి వదిలేయకుండా ఏడాదికోసారి చూసుకోవాలి, ఉబ్బినదాన్ని తీసి మార్చేయండి.