నోట్‌ప్యాడ్ ఫైండ్ కిటికీలో ఎంటర్ నొక్కితే టిక్ ఎందుకు పడదు?

బడి_ల్యాబ్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ల్యాబ్‌లో మౌస్‌లు తరచూ మొరాయిస్తుంటాయి కాబట్టి, కీబోర్డు ఒక్కదానితోనే పని నడుపుకోవడం ముందుగా నేర్పాలనుకుంటున్నాను. అందుకోసం విండోస్ 10లోని నోట్‌ప్యాడ్‌లో కంట్రోల్, ఎఫ్ కీలు కలిపి నొక్కితే వచ్చే ఫైండ్ కిటికీని ఎంచుకున్నాను. టైపు చేసే పెట్టె, టిక్ పెట్టే గడులు, గుండ్రని బటన్లు, మామూలు బటన్లు అన్నీ ఆ చిన్న కిటికీలోనే ఉన్నాయి.

అయితే మూడు విషయాలు నాకే అర్థం కాలేదు. ట్యాబ్ నొక్కుతూ మ్యాచ్ కేస్ గడి (పెద్దబడి, చిన్నబడి అక్షరాల తేడా చూసి వెతకమనేది) దగ్గరికి వెళ్లి ఎంటర్ కొడితే, టిక్ పడకుండా వెతకడం మొదలవుతోంది. డైరెక్షన్ కింద అప్, డౌన్ అని రెండు బటన్లు ఉన్నా, ట్యాబ్ డౌన్ మీద మాత్రమే ఆగి, అప్ జోలికి పోకుండా ముందుకు సాగిపోతోంది. పైగా ఒక్కోసారి ఫైండ్ నెక్స్ట్ దగ్గర కూడా ఆగకుండా నేరుగా క్యాన్సిల్ మీదికి పోతోంది. పిల్లలు అడిగితే "అదంతే" అని తప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. దీని వెనుక ఏదైనా పద్ధతి ఉంటే దయచేసి వివరించగలరు.

కీబోర్డు_బాబాయి

పద్ధతి ఉంది మాస్టారూ, మీరు అడిగిన మూడూ ఆ పద్ధతిలోనివే. తెర మీద ఎన్ని గడులు, బటన్లు ఉన్నా, ఒక్క క్షణంలో కీబోర్డు మాట వినేది వాటిలో ఒక్కటే. దాని మీద ఫోకస్ ఉంది అంటాం. టైపు చేసే పెట్టెలో ఫోకస్ ఉంటే కర్సర్ మిణుకుమిణుకుమంటుంది. గడి మీదో బటన్ మీదో ఉంటే చుట్టూ సన్నని చుక్కల గీత కనిపిస్తుంది. ట్యాబ్ ఆ ఫోకస్‌ను ముందుకు, షిఫ్ట్‌తో కలిపి నొక్కిన ట్యాబ్ వెనక్కు జరుపుతాయి. అంతకు మించి అవి దేన్నీ మార్చవు.

ఇక ఎంటర్ సంగతి. ఇలాంటి కిటికీల్లో సాధారణంగా ఒక బటన్ ముఖ్యమైనదిగా నిర్ణయించి ఉంటుంది, దాని అంచు మిగతా వాటికన్నా కాస్త ముదురుగా కనిపిస్తుంది. ఫైండ్ కిటికీలో అది ఫైండ్ నెక్స్ట్. ఫోకస్ టైపు పెట్టెలో ఉన్నా, టిక్ గడి మీద ఉన్నా, ఎంటర్ కొడితే ఆ ముఖ్యమైన బటన్ నొక్కినట్టే లెక్క. టిక్ పెట్టడం, తీయడం స్పేస్ బార్ పని. మీరు ట్యాబ్‌తో క్యాన్సిల్ మీదికి వెళ్లి ఎంటర్ కొడితే మాత్రం క్యాన్సిలే నొక్కబడుతుంది, ఎందుకంటే ఫోకస్ ఏదైనా బటన్ మీద ఉన్నంతసేపు ముఖ్యమైన హోదా ఆ బటన్‌కే దక్కుతుంది. ఈ తేడా పిల్లలకు ముందే చెప్పకపోతే, ఎంటర్ ఒక్కోసారి ఒక్కోలా పనిచేస్తోందని అనుకుంటారు.

అప్, డౌన్ అనేవి రేడియో బటన్లు. ఒకటి ఎంచుకుంటే రెండోది దానంతటదే పోవాలి కాబట్టి, ఆ జంటను విండోస్ ఒకే గుంపుగా చూస్తుంది. ట్యాబ్ గుంపులోకి అడుగుపెట్టినప్పుడు, అప్పటికే ఎంచుకుని ఉన్నదాని మీద ఆగుతుంది. గుంపు లోపల తిరగడానికి బాణం కీలు వాడాలి. బాణం నొక్కగానే ఎంపిక కూడా మారిపోతుంది, మళ్లీ స్పేస్ బార్ నొక్కనవసరం లేదు.

మూడోదానికి జవాబు ఆ కిటికీలోనే కనిపిస్తుంది. వెతకవలసిన మాట టైపు చేయనంతవరకు ఫైండ్ నెక్స్ట్ బూడిద రంగులో ఉంటుంది. అలా మసకబారినది ప్రస్తుతం పనిచేయదు కనుక ట్యాబ్ దాన్ని దాటేస్తుంది. పెట్టెలో ఒక్క అక్షరం కొట్టి చూడండి, బటన్ వెంటనే నల్లబడుతుంది, ట్యాబ్ కూడా అక్కడ ఆగుతుంది.

గీతకింద_అక్షరం

బాబాయి గారు చెప్పినదంతా సరైనదే కానీ, పిల్లలను ట్యాబ్ దగ్గరే ఆపేస్తే విసుగెత్తి మళ్లీ మౌస్ కోసం చూస్తారు. ఆల్ట్ కీ కూడా మొదటి రోజే చూపించాలని నా అభిప్రాయం. ఫైండ్ కిటికీలో ఆల్ట్ నొక్కితే చాలా పేర్లలో ఒక అక్షరం కింద గీత కనిపిస్తుంది. మ్యాచ్ కేస్‌కు సీ, అప్‌కు యూ, డౌన్‌కు డీ. ఆల్ట్ పట్టుకుని సీ నొక్కితే, ఫోకస్ ఎక్కడ ఉన్నా సరే, టిక్ పడుతుంది లేదా పోతుంది. ఈ గీతలు ఎప్పుడూ కనబడేలా చేసుకోవాలంటే సెట్టింగ్స్‌లో ఈజ్ ఆఫ్ యాక్సెస్‌కు వెళ్లి, కీబోర్డు భాగంలో మీట మార్చుకోవచ్చు. ల్యాబ్‌లోని యంత్రాలన్నిటిలో ఆ పని ముందే చేసి పెట్టుకోండి.

ఆ తరువాత ఫైల్ మెనూలోని పేజ్ సెటప్ తెరవండి. అందులో కాగితం సైజు ఎంచుకునే జాబితా ఒకటి ఉంటుంది. ఆల్ట్, కింది బాణం కలిపి నొక్కితే జాబితా తెరుచుకుంటుంది. తెరవకుండా ఉత్త బాణం నొక్కినా సైజు మారిపోతుంది, అదీ పెద్దగా కంటపడకుండా. ఏ4 కాస్తా ఇంకొకటి అయిపోయిందని ప్రింటు తీసేదాకా తెలియదు. పొరపాటున మార్చినట్టు అనుమానం వస్తే ఓకే కొట్టకుండా ఎస్కేప్ నొక్కమనండి. మార్పులేవీ నిలవకుండా కిటికీ మూసుకుపోతుంది.

మ్యాచ్ కేస్ చూపించేటప్పుడు ఇంగ్లీషు మాటే తీసుకోండి. తెలుగు లిపిలో పెద్దబడి, చిన్నబడి అక్షరాలు లేవు కాబట్టి తెలుగు మాట వెతికితే టిక్ ఉన్నా లేకున్నా ఒకటే ఫలితం వస్తుంది, పిల్లలు అది పాడైందనుకుంటారు.

వినికిడి_దారి

నేను తెర చూడలేను, తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తో పనిచేస్తాను. ఆస్ట్రేలియాలో ఒక అంధ ప్రోగ్రామర్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దాన్ని మీ పాఠానికి కూడా వాడుకోవచ్చు. ట్యాబ్ నొక్కిన ప్రతిసారీ అది పేరు ఒక్కటే చెప్పి ఊరుకోదు. అది చెక్ బాక్సా, రేడియో బటనా, టిక్ ఉందా లేదా అనేవి కూడా చెబుతుంది. "గుండ్రటిదైతే బాణం, చదరమైతే స్పేస్" అని బొమ్మ చూసి గుర్తుపెట్టుకోవడం కన్నా, రకం పేరు చెవిన పడుతుంటే ఏ కీ వాడాలో తొందరగా అలవాటవుతుంది. ఫోకస్ ఎక్కడుందో తెలియకపోతే ఇన్సర్ట్, ట్యాబ్ కలిపి నొక్కితే మళ్లీ చదువుతుంది. దానితోపాటు వచ్చే ఈస్పీక్ ఎన్‌జీ గొంతుకు తెలుగు కూడా వచ్చు, ఉచ్చారణ మాత్రం యాంత్రికంగా ఉంటుంది.

గీతకింద_అక్షరం గారితో ఒక్క చోట విభేదిస్తున్నాను. ఆల్ట్ అక్షరాలు ఒక్కో కిటికీలో ఒక్కో రకంగా ఉంటాయి. ట్యాబ్, స్పేస్, బాణం, ఎస్కేప్ మాత్రం ఇలాంటి కిటికీలన్నిటిలో దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి. కనుక వాటిని ముందు పెట్టడమే మేలు.

బడి_ల్యాబ్

ముగ్గురికీ ధన్యవాదాలు. ఒక్క అక్షరం కొట్టి చూశాను, ఫైండ్ నెక్స్ట్ నల్లబడింది. ఇంకొక్క సందేహం: ఫైండ్ కిటికీని మూయకుండా వెనుకనున్న ఫైలులోకి కీబోర్డుతో వెళ్లవచ్చా?

కీబోర్డు_బాబాయి

వెళ్లవచ్చు. ఆల్ట్, ఎఫ్6 కలిపి నొక్కండి. మళ్లీ నొక్కితే ఫైండ్ కిటికీకి తిరిగి వస్తారు. పేజ్ సెటప్ దగ్గర ఇది కుదరదు, ఎందుకంటే అది మూసేవరకు వెనుక ఉన్న ఫైలును కదలనివ్వదు. వెతికిన మాట తరువాత ఎక్కడుందో చూడటమే మీ పని అయితే ఫైండ్ కిటికీ తెరిచి ఉంచే అవసరం కూడా లేదు. ఎస్కేప్‌తో మూసేసి ఎఫ్3 నొక్కుతూ పోండి.