పిల్లల్ని గట్టిగా పెంచడమంటే ఏమిటి?

మూడో_బెంచి:
పిల్లలు ప్రాణాల మీదకు తెచ్చుకోకుండా ఉండాలంటే ఓటమిని తట్టుకోవడం చిన్నప్పుడే నేర్పాలంటాను నేను. ముందు వాళ్ల మాట వినాలంటుంది మా ఆవిడ. బాబుకి పన్నెండేళ్లు. మీరేమంటారు?

రాతిపలక:
నేర్పాల్సిందే. 'వద్దు' అన్న మాట వినకుండా పెరిగినవాళ్లు మొదటి దెబ్బకే కుంగిపోతారు. మా అమ్మాయితో చదరంగంలో నేను ఒక్కసారి కూడా కావాలని ఓడిపోలేదు. ఏడ్చేది, మళ్లీ ఆడేది. ఇప్పుడు పదిహేనేళ్లు, ఏ పరీక్షకీ బెదరదు. మార్కులు తగ్గితే మా నాన్న నన్నూ ఓదార్చలేదు. నాకేమైంది?

వాన_చినుకు:
మీకేమీ కాలేదు కాబట్టి అందరికీ అదే మందు అనడం కుదరదండీ. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దశాబ్దాల పాటు గమనించింది. పేదరికంలో, ఇంటి గొడవల మధ్య పెరిగిన వాళ్లలోనూ దాదాపు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. తమను మనసారా పట్టించుకునే పెద్దవాళ్లు కనీసం ఒక్కరుండటం వాళ్లకు బాగా కలిసొచ్చింది. అమ్మానాన్నలే కానక్కర్లేదు, అమ్మమ్మ కావచ్చు, టీచరు కావచ్చు.

గోరింక:
చిన్నపిల్లని ఒక్క ఆటైనా గెలవనివ్వలేదా?

రాతిపలక:
గెలవనిస్తే అది అబద్ధపు గెలుపు. పిల్లలు ఇట్టే పసిగడతారు.

గోరింక:
ఆరేళ్ల పిల్లకి నాన్నతో ఆట కావాలి, పరీక్ష కాదు.

రాతిపలక:
ఆరేళ్లని నేనెక్కడ అన్నాను? ఎనిమిదేళ్లప్పుడు మొదలుపెట్టాం. చదివి మాట్లాడండి.

కొత్తగాలి:
అసలు చావు మాట పిల్లల ముందు ఎత్తకూడదు. లేని ఆలోచన పుడుతుంది.

వాన_చినుకు:
కొత్తగాలి గారూ, అది అపోహ అని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. అడిగితే ఆలోచన పుట్టదు, దాచుకున్నది బయటకు వస్తుంది. ఐరోపాలో 10 దేశాల్లో, 168 బడుల్లో, 11 వేలకు పైగా పిల్లలతో చేసిన అధ్యయనం 2015లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. పిల్లల చేత పాత్రలు వేయించి, కష్టసుఖాలు మాట్లాడించిన బడుల్లో ఏడాది తర్వాత చూస్తే, ఆ తరగతులు లేని బడులతో పోలిస్తే ఆత్మహత్యాయత్నాలు సుమారు సగమే. టీచర్లకు మాత్రమే శిక్షణ ఇచ్చిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

రాతిపలక:
ఆ తరగతుల్లో నేర్పిందీ ఒత్తిడిని తట్టుకోవడమేగా! నేనంటున్నదీ అదే. పిల్లలు గట్టిపడాలి.

వాన_చినుకు:
మీ 'గట్టి' అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా తమ్ముడు గట్టివాడు. క్లాసులో అందరి ముందు నిలబెట్టి తిట్టినా ఏడవలేదు. ఆ టీచరు మెచ్చుకున్నారు, మేమూ మెచ్చుకున్నాం. పదిహేడేళ్లకే వెళ్లిపోయాడు. ఇలాంటి వాటికి ఒక్కటే కారణం ఉండదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ వాడు ఏడుస్తానన్నా మా ఇంట్లో చోటు లేదు. అదీ తెలుసు.

రాతిపలక:
మీ దుఃఖం పెద్దది, ఒప్పుకుంటాను. దాంతో నా నోరు మూయించకండి.

మూడో_బెంచి:
రాతిపలక గారూ, ఆ మాట తగదు.

రాతిపలక:
తగదు. క్షమించండి. ఒక విషయం చెప్పలేదు. నాలుగు నెలలుగా మా అమ్మాయి గది తలుపేసుకుంటోంది, చదరంగం మానేసింది. ఫోన్ ఇవ్వనంటే ఏం చేసుకుంటుందోనని గుండె దడ. ఈ మధ్య దేనికీ 'వద్దు' అనలేకపోతున్నాను. మీరంతా 'వినండి, వినండి' అంటుంటే, భయపడి అన్నీ ఇచ్చెయ్యమన్నట్టే ఉంది నాకు.

వాన_చినుకు:
నేనన్నది అది కాదండీ. రాత్రి ఫోన్ వద్దంటే వద్దనే చెప్పండి. ఆ తర్వాత వచ్చే కోపానికి, ఏడుపుకి అడ్డుపడకుండా పక్కనే ఉండండి. నాలుగు నెలలంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి. తనొక్కతే ఉన్నప్పుడు కూర్చుని సూటిగా అడగండి: 'చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా?' అవునంటే తిట్టొద్దు, ఒట్టు వేయించుకోవద్దు. ఒంటరిగా వదలకండి, ప్రమాదకరమైనవి అందకుండా తీసేయండి, అదే రోజు డాక్టరుకో హెల్ప్‌లైన్‌కో చెప్పండి. కాదన్నా సరే, ఇంత మార్పు వచ్చింది కాబట్టి కౌన్సెలర్‌కి ఒకసారి చూపించండి.

రాతిపలక:
'నాన్నా, నీకు పిచ్చా' అంటే?

వాన_చినుకు:
అననివ్వండి. అక్కడి నుంచి లేవకండి.

రాతిపలక:
సరే. ఇవాళ అడుగుతాను.