ఆల్ఫా 0.93 వచ్చినా గైడ్ గారు ఒప్పుకోవడం లేదు

కొత్తస్కాలర్: ఒత్తిడి మీద 20 ప్రశ్నల మాపని (స్కేలు) సొంతంగా తయారుచేశాను. ప్రశ్నల మధ్య పొందిక చెప్పే క్రాన్‌బాక్ ఆల్ఫా 0.93 (గరిష్ఠం 1). హమ్మయ్య అనుకునేలోపే గైడ్ గారు "విశ్వసనీయత (కొలతలో నిలకడ) సరే, సప్రమాణత (కొలవాల్సిందే కొలుస్తోందన్న రుజువు) ఏదీ?" అని తిప్పి పంపారు. ఇంత ఆల్ఫా వచ్చాక ఇంకేం కావాలండీ?

తూకంరాయి: ముందు ఆ ప్రశ్నలు మళ్లీ చదువుకోండి. నా ఎంఫిల్‌లో 0.95 చూసి తెగ మురిసిపోయాను. తీరా చూస్తే "కంగారుగా ఉంటుంది", "ఆందోళనగా ఉంటుంది", "గాభరా పడతాను". ఒకే ప్రశ్నను అటూ ఇటూ తిప్పి అడిగితే ఆల్ఫా పెరగక ఏమవుతుంది? ప్రశ్నల సంఖ్య పెంచినా పెరుగుతుంది. ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసుగుతున్నాయని చెబుతుందే గానీ, మీరు కొలిచింది ఒత్తిడేనని చెప్పదు.

కొత్తస్కాలర్: 7, 12, 15 అచ్చం అలాగే ఉన్నాయి. పరువు పోయింది.

క్లినిక్‌గది: విశ్వసనీయతను మరీ తీసిపారేయకండి. ఒకే పిల్లాడికి ప్రజ్ఞాలబ్ధి (ఐక్యూ) ఒకసారి 98, తర్వాత 103 వస్తే "ఏది నిజం?" అని తల్లిదండ్రులు నన్ను నిలదీస్తారు. స్కోర్లు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం 15, విశ్వసనీయత 0.91 అనుకోండి. కొలతలో దోషమే 15 × √(1 − 0.91), అంటే 4.5 పాయింట్లు. 95% పరిధి కావాలంటే సుమారు దానికి రెట్టింపు, అటు 9, ఇటు 9. ఆ లెక్కన 98కీ 103కీ తేడా ఉందని గట్టిగా చెప్పలేం. ఒక్క అంకె రాసి సంతకం పెట్టే రిపోర్టులు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

అనువాదకూలీ: అనువదించిన మాపనులతో ఇంకో తంటా. "నాకు నిద్ర పట్టడంలో ఇబ్బంది లేదు" అన్న వాక్యానికి కొందరు "కాదు" అని టిక్ పెట్టారు. పక్కన కూర్చుని అడిగితే "లేదండీ, ఇబ్బందేం లేదు" అన్నారు! స్కోరు పూర్తిగా తలకిందులు. మూలంలో తేలిన సప్రమాణత అనువాదం వెంట నడిచి రాదు, మళ్లీ మొదటినుంచీ తేల్చుకోవాల్సిందే.

తూకంరాయి: @కొత్తస్కాలర్, 1959లో మనస్తత్వవేత్తలు కాంప్‌బెల్, ఫిస్కే చెప్పిన దారి పట్టండి. అదే మనుషులకు ఇప్పటికే నిలబడిన ఒత్తిడి మాపని ఒకటి, దిగులు మాపని ఒకటి ఇవ్వండి. మీది మొదటిదానితో ఎక్కువగా, రెండోదానితో తక్కువగా కలవాలి.

కొత్తస్కాలర్: రెండు వారాల తర్వాత వచ్చాను. దిగులుతోనే ఎక్కువ సహసంబంధం వచ్చింది. మాపని పేరు మార్చేస్తే సరిపోతుందా?

తూకంరాయి: గైడ్ గారు పట్టేస్తారు. ప్రశ్నలే మార్చండి, 7తో మొదలుపెట్టి.