ఎముక స్లైడులో న్యూక్లియస్‌లు కనబడటం లేదు

ఎంబీబీఎస్ ఫస్టియర్, గుంటూరు: మేక ఎముక ముక్కను కాల్షియం పోవడానికి 5% నైట్రిక్ యాసిడ్‌లో వారం ఉంచి, హెచ్ అండ్ ఇ (హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు) వేశాం. అంతా గులాబీ రంగే. ఎందుకండీ?

హిస్టాలజీ ల్యాబ్, విజయవాడ: వారం చాలా ఎక్కువ. 4 మి.మీ. ముక్కకు ఒకటి రెండు రోజులు చాలు. ఆపైన యాసిడ్ న్యూక్లియస్‌లను పాడుచేస్తుంది, వాటికి నీలిరంగు ఇచ్చే హెమటాక్సిలిన్ పట్టదు. యాసిడ్‌లో వేసేముందు ఫార్మలిన్‌లో (కణజాలం చెడకుండా కాపాడే ద్రవం) 48 గంటలు ఉంచండి. ద్రవం ముక్కకు 20 రెట్లుండాలి. కాల్షియం పోయిందో లేదో చూడ్డానికి సూదితో గుచ్చకండి, కణజాలం చెడుతుంది. దానికి బదులు వాడిన యాసిడ్ ద్రవాన్ని అమ్మోనియాతో తటస్థం చేసి, అమ్మోనియం ఆక్సలేట్ కలపండి. తెల్లమడ్డి రాకపోతే అయినట్టే.

మరొకరు: తొందర లేకపోతే యాసిడ్ బదులు 10% ఈడీటీఏ (కాల్షియంను మెల్లగా లాగే రసాయనం) మేలు. వారాలు పడుతుంది, రంగు చక్కగా వస్తుంది. కెనాలిక్యులై (ఎముక కణాలను కలిపే సన్నని కాలువలు) చూడాలంటే మాత్రం కాల్షియం తీయకుండా అరగదీసిన సెక్షనే.

ఫస్టియర్: మృదులాస్థిని ఎలా గుర్తుపట్టాలి?

విజయవాడ: కణాలు గుంపులుగా ఉంటాయి, రక్తనాళాలు ఉండవు. కీలు ఉపరితలంపై పెరికాండ్రియం (మృదులాస్థిని కప్పే పొర) కోసం వెతక్కండి, అక్కడ ఉండదు.