నాడా దూర్చే మడతని మీ ఊళ్ళో ఏమంటారు?

కుట్టుమిషన్ అక్క:
అందరికీ నమస్కారం. మా వీధి ఆడవాళ్ళ గ్రూపులో పాత చీరలతో పప్పుల సంచులు కుట్టుకుందాం అన్నారు, ఎలా కుట్టాలో తెలుగులో ఒక పేజీ రాసిమ్మని నామీద పడేశారు. కుట్టడం ఈజీనే, రాయడమే చావు. రెండు కిలోల కందిపప్పు పట్టే సంచికి 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు గుడ్డ ముక్కలు రెండు కత్తిరించండి (ముందు ఉతికి ఆరేశాకే, కాటన్ కుంచించుకుపోతుంది) అని రాశా, చుట్టూ అరంగుళం కుట్టులోకి పోతుందని రాశా, అంతవరకూ బానే ఉంది. తర్వాత మూతి దగ్గర గుడ్డని మడిచి కుడితే సొరంగంలా వస్తుంది చూడండి, లంగాకి నాడా ఎక్కించే చోటు లాంటిది, దానికి మాట దొరకట్లేదు. "నాడా దూర్చే మడత" అని ప్రతి లైన్లోనూ రాస్తుంటే నాకే విసుగొచ్చింది. మీవైపు ఏమంటారో చెప్పండి ప్లీజ్. డిక్షనరీలో వెతకమని మాత్రం చెప్పొద్దు.

పాలమూరు పిల్లోడు:
మా దిక్కు నేఫా అంటం అక్కా. నేఫా ఊడింది, నేఫాల నాడా ఎక్కియ్యి, ఇట్లనే అంటరు. ఉర్దూ మాటే గని మా అవ్వకు ఉర్దూ ఒక్క ముక్క రాదు, ఆమె గూడ నేఫానే అంటది.

గోదారి గట్టు:
నేఫా మాట ఇప్పుడే వింటున్నానండి. మావైపు బొందు పట్టీ అంటారు. అసలు నాడా అనేది కూడా మాకు తక్కువేనండి, లంగా బొందు, లాగు బొందు, అంతే. నాడా అంటే మాకు ముందు గుర్రం గిట్టకి కొట్టేదే గుర్తొస్తుంది 😀

కుట్టుమిషన్ అక్క:
బొందు పట్టీ బావుంది కానీ ఒక చిక్కండీ. టైలర్లు పట్టీ అంటే విడిగా కత్తిరించి అతికే ముక్క అనుకుంటారు కదా, మెడ పట్టీ, గుండీల పట్టీ అలాగ. ఇక్కడ ముక్కేమీ అతకం, అదే గుడ్డని మడుస్తాం. మొదట పావంగుళం మడిచి మళ్ళీ అంగుళంపావు మడిచి అంచుమీద కుట్టేయడమే.

భాషాప్రేమి:
అన్యదేశ్యాలకు ఎందుకు వెళ్ళాలి? "సూత్రనాళిక" అని చక్కటి పదం చేసుకోవచ్చు. సూత్రం అంటే దారం, నాళిక అంటే గొట్టం. అందరికీ అర్థమవుతుంది.

పాలమూరు పిల్లోడు:
అన్నా ఏమనుకోకు, సూత్రనాళిక లూజయింది అంటే మా అవ్వ నన్ను దవాఖానకు తీస్కపోతది.

సీమ చింతచెట్టు:
హహ. మా అనంతపురంలో అవ్వలు వక్కాకు సంచి నడుముకి దోపుకుంటారు చూడండి, దానికీ మూతి దగ్గర ఇట్లే తాడు ఉంటాది, లాగితే మూతి కుచ్చులు పడి మూసుకుంటాది. ఆ తాడు పోయే చోటుకి పేరేం లేదబ్బా. "మూతి మడుపు" అంటే సరిపోతాదేమో. పేరు లేకున్నా వాళ్ళు జీవితమంతా కుట్టుకున్నారు, అదీ సంగతి.

బెంగళూరు తెలుగు:
ఇక్కడ కన్నడంలో సంచి అంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది ఆ ఆకువక్కల సంచేనండి. మనం మాత్రం బియ్యం సంచి నుంచి సంకన వేసుకునే సంచి దాకా అన్నిటికీ ఒకే మాట వాడేస్తాం. ఇంకో మాట తిత్తి, అది తోలుది. కొలిమి తిత్తి, ఊపిరితిత్తి. ఎద్దు మీదో భుజం మీదో రెండువైపులా వేలాడేది అసిమి. దిండుకి తొడిగేది గలీబు. అక్కా, పాత గలీబు ఉంటే మూడువైపులా కుట్టు రెడీగా ఉంటుంది కదా, మూతి మడిస్తే చాలు.

కుట్టుమిషన్ అక్క:
గలీబు ఐడియా సూపర్, పేజీలో మొదటే పెడతా. కానీ దాంట్లో ఒకటుంది, అందరూ తప్పేది ఇక్కడే. పక్క కుట్లు పైదాకా వేసి ఉంటాయి కాబట్టి మూతి మడిచాక నాడా దూరడానికి సందు ఉండదు. ఒక పక్క కుట్టు పైనుంచి రెండంగుళాలు విప్పి, ఆ చీలిక అంచులు విడిగా మడిచి కుట్టి, అప్పుడు మూతి మడవాలి. కొత్త గుడ్డ అయితే ఆ రెండంగుళాలు ముందే వదిలేసి కుట్టుకోవాలి. తర్వాత నాడా చివర పిన్నీసు గుచ్చి వేళ్ళతో తడుముతూ లోపల జరుపుకుంటూ పోవడమే, మధ్యలో పిన్నీసు విచ్చుకుందా, మళ్ళీ మొదటికే.

గోదారి గట్టు:
అడుగు కుట్టు రెండుసార్లు వేయమని కూడా రాయండి. సంచి లాభం చిల్లు కూడదీసిందని ఊరికే అనలేదు. మినప్పప్పు అయితే మూలలోంచే కారుద్ది.

కుట్టుమిషన్ అక్క:
రాశానండి. ఇంకో మాట కూడా కావాలి. దుప్పట్లు పెట్టుకునే పెద్ద సంచికి అడుగు చదునుగా రావాలంటే, సంచి తిరగేసి పక్క కుట్టుని అడుగు కుట్టు మీదకి తెచ్చి మూలని నొక్కితే త్రికోణం వస్తుంది, కొసకి రెండంగుళాల ఇవతల అడ్డంగా కుట్టేస్తే నాలుగంగుళాల అడుగు తయారు. రెండు మూలలూ అంతే. దీనికి నేను "చదరపు అడుగు" అని రాశా. చదివినావిడ "ఒక చదరపు అడుగు గుడ్డ చాలా, దుప్పటి పడుతుందా?" అని అడిగింది.

భాషాప్రేమి:
😂😂 ఇది మాత్రం బావుందండి.

సీమ చింతచెట్టు:
మా టైలరన్న అట్లా సంచిని కూర్చునే సంచి అంటాడు. మామూలుది పడుకునే సంచి. నీకు కూర్చునేదా పడుకునేదా అని అడిగి మరీ కుడతాడు.

కుట్టుమిషన్ అక్క:
అబ్బా, ఇదీ మాట! కూర్చునే సంచి, పడుకునే సంచి, ఖాయం. ఎవరికీ బొమ్మ వేసి చూపించక్కర్లేదు.

భాషాప్రేమి:
సరే, మరి మొదటి ప్రశ్న తేలలేదు. నా నాళిక ఎలాగూ ఎవరికీ నచ్చలేదు. నేఫా కంటే బొందు మడత నయం కదా?

పాలమూరు పిల్లోడు:
మా దిక్కు బొందు అంటే నాడానా అని అడుగుతరు అన్నా, ఆడ నేఫా అంటే ఏంది అని అడుగుతరు. రెండూ రాయి అక్కా.

కుట్టుమిషన్ అక్క:
పట్టీ తీసేసి "బొందు మడత" అని రాస్తున్నా, మొదటిసారి వచ్చినచోట పక్కన నేఫా అని కూడా పెడతా, మా వీధిలో నిజామాబాద్ వాళ్ళు రెండిళ్ళున్నారు. గోదారి గట్టు గారూ, నాడాని కూడా బొందు చేసేశా, మీ గుర్రం సేఫ్. ఉల్లిపాయల సంచికి పల్చటి వాయిల్ చీర వాడాలా, ముతక గుడ్డా అన్నది ఇంకో పోస్టులో అడుగుతా, ఇక్కడ వద్దు.

గోదారి గట్టు:
వాయిలేనండి, గాలాడాలి. ముతకదయితే కుళ్ళిపోతాయి.